జాయిస్ట్‌లలో వైరింగ్ కోసం వరుస రంధ్రాలు: రైట్ యాంగిల్ డ్రిల్‌తో తిన్నగా వేసే పద్ధతి

చెక్క నేల కింద జాయిస్ట్‌లు, అంటే నేల బరువు మోసే వరుస చెక్క దూలాలు, కనిపిస్తున్నాయి. వాటి గుండా కరెంటు కేబుల్ లాగాలి. మామూలు డ్రిల్ ఆ సందులో పట్టదు, పట్టినా రంధ్రం వంకరగా వస్తోంది. దీనికి ఏ మిషన్ కొనాలి, ఎలా వాడాలి అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు.

మిషన్ గురించి జవాబు చిన్నదే: రైట్ యాంగిల్ డ్రిల్, దానికి పొట్టి ఆగర్ బిట్ (కొనలో స్క్రూ ఉండే, చెక్క తొలిచే బిట్). అయితే కేబుల్ తేలిగ్గా సాగాలన్నా, ఇంటి బరువు మోసే చెక్క దెబ్బతినకూడదన్నా అసలు పని గుర్తులు పెట్టడంలోనే ఉంది. అందుకే ఇక్కడ డ్రిల్ స్విచ్ నొక్కేది ఆరో మెట్టులో. ముందు మెట్లు దాటేసి నేరుగా అక్కడికి వెళ్లకండి.

1. జాయిస్ట్ ఏ రకమో ముందు తేల్చుకోండి

కింద చెప్పే కొలతలన్నీ ఒకే ముక్కగా కోసిన గట్టి చెక్క జాయిస్ట్‌లకే వర్తిస్తాయి. మీ ఇంట్లో ఉన్నవి అవేనా అన్నది మొదటి ప్రశ్న.

అడ్డంగా చూస్తే ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరంలా పైనా కిందా మందపాటి చెక్క, మధ్యలో పలుచని పలక ఉంటే అది ఐ-జాయిస్ట్. పైనా కిందా ఉన్న మందపాటి భాగాలకు గాటు గానీ రంధ్రం గానీ అస్సలు పెట్టకూడదు. మధ్య పలకలో మాత్రం తయారీ కంపెనీ ఇచ్చే పట్టిక ప్రకారం రంధ్రాలు వేసుకోవచ్చు. చాలా ఐ-జాయిస్ట్‌లలో ఫ్యాక్టరీలోనే గుండ్రంగా సగం కోసి వదిలిన చోట్లు ఉంటాయి. సుత్తితో తడితే ఊడి వస్తాయి. కేబుల్‌కు అవే చాలు, డ్రిల్ అక్కర్లేదు.

చిన్న చిన్న చెక్కలను పళ్లున్న ఇనుప ప్లేట్లతో కలిపి త్రికోణాలుగా కట్టినవి ట్రస్‌లు. వాటి చెక్కల్లో దేనికీ ఇంజనీరు అనుమతి లేకుండా రంధ్రం వేయొద్దు. కేబుల్‌ను త్రికోణాల మధ్య ఖాళీలోంచి తీసుకెళ్లండి. పొరలు అతికించి చేసిన దూలాలకు కూడా కంపెనీ పట్టికే ఆధారం.

2. రంధ్రం ఎక్కడ వేయొచ్చో అర్థం చేసుకోండి

ఇది నెమ్మదిగా చదవాల్సిన భాగం.

పైన బరువు పడినప్పుడు జాయిస్ట్ కొద్దిగా కిందికి వంగుతుంది. అప్పుడు పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. సరిగ్గా ఎత్తు మధ్యలో ఉన్న చెక్క మీద ఈ రెండు ఒత్తిళ్లూ దాదాపు ఉండవు. అందుకే రంధ్రానికి మధ్యభాగమే సరైన చోటు. అంచులకు దగ్గరయ్యే కొద్దీ నష్టం వేగంగా పెరుగుతుంది.

లెక్క వేస్తే తేడా బాగా తెలుస్తుంది. 235 మి.మీ. ఎత్తున్న జాయిస్ట్‌కు సరిగ్గా మధ్యలో 20 మి.మీ. రంధ్రం వేస్తే, ఆ చోట వంపును తట్టుకునే బిగువు వెయ్యో వంతు కూడా తగ్గదు. అదే జాయిస్ట్ కింది అంచున ఎత్తులో ఆరో వంతు, అంటే 39 మి.మీ. లోతు గాటు పెడితే ఆ చోట మిగిలే బలం దాదాపు 70 శాతమే. డ్రిల్ పట్టలేదని రంపంతో కింది అంచున గాట్లు కోసి కేబుల్ దూర్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్క కేబుల్ కోసం జాయిస్ట్ బలంలో మూడో వంతు వరకు వదులుకున్నట్టవుతుంది.

నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఎక్కువగా వాడుకలో ఉన్న రెండు పద్ధతులు ఇవి.

అమెరికా నివాస భవనాల కోడ్ ప్రకారం:
- రంధ్రం వ్యాసం జాయిస్ట్ ఎత్తులో మూడో వంతు దాటకూడదు.
- పై అంచు నుంచి, కింది అంచు నుంచి, పక్క రంధ్రం లేదా గాటు నుంచి కనీసం 51 మి.మీ. (2 అంగుళాలు) దూరం ఉండాలి.
- అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం రంధ్రం అంచు నుంచి చెక్క అంచుకు కనీసం 32 మి.మీ. ఉండాలి. లేకపోతే మేకులు దిగకుండా 1.6 మి.మీ. ఉక్కు ప్లేటు కొట్టాలి.

బ్రిటన్‌లో పాటించే పద్ధతి ఇంకా కట్టుదిట్టం:
- వ్యాసం ఎత్తులో నాలుగో వంతు దాటకూడదు, రంధ్రం ఎత్తు మధ్యగీత మీదే ఉండాలి.
- గోడ ఆధారం నుంచి చూస్తే, జాయిస్ట్ పొడవులో 0.25 నుంచి 0.4 వంతు మధ్యలోనే రంధ్రం వేయాలి.
- రెండు రంధ్రాల కేంద్రాల మధ్య కనీసం మూడు వ్యాసాల దూరం ఉండాలి.
- కేబుల్‌కు పైనా కిందా జాయిస్ట్ అంచు నుంచి 50 మి.మీ. దూరం ఉండాలి.

ఉదాహరణకు ఆధారాల మధ్య 4 మీటర్లున్న జాయిస్ట్‌కు బ్రిటన్ లెక్కలో ప్రతి చివర నుంచి 1000 నుంచి 1600 మి.మీ. మధ్య ఉన్న భాగమే రంధ్రాలకు చోటు. మీ ప్రాంతంలో అమల్లో ఉన్న నియమం ఏదో కనుక్కుని దాన్నే పాటించండి. ఏ నియమమూ స్పష్టంగా లేని చోట నేనైతే బ్రిటన్ కొలతలే తీసుకుంటాను. వాటిలో పొరపాటుకు ఎక్కువ వెసులుబాటు ఉంటుంది.

3. మిషన్ ఎంచుకోవడం

జాయిస్ట్‌లు సాధారణంగా కేంద్రం నుంచి కేంద్రానికి 400 మి.మీ. దూరంలో ఉంటాయి. చెక్క మందం పోగా మధ్య సందు 360 మి.మీ. పైచిలుకు. మామూలు డ్రిల్ పొడవుకు ఆగర్ బిట్ పొడవు కలిపితే అది సందును మించిపోతుంది. దాంతో డ్రిల్‌ను వాల్చి పట్టుకోవాల్సి వస్తుంది. 20 డిగ్రీలు వాలిస్తే 38 మి.మీ. మందం దాటేసరికి రంధ్రం దాదాపు 14 మి.మీ. పక్కకు జరుగుతుంది. ఇలాంటి రంధ్రాలు పదిహేను వరుసగా వస్తే కేబుల్ ప్రతి జాయిస్ట్ దగ్గరా మెలిక తిరుగుతుంది, లాగుతుంటే పై తొడుగు గీసుకుపోతుంది.

రైట్ యాంగిల్ డ్రిల్‌లో బిట్ మిషన్ ఒంటికి లంబంగా ఉంటుంది. సందులో పట్టేది తల, బిట్ మాత్రమే. పట్టుకునే భాగం జాయిస్ట్‌ల వెంబడి ఉంటుంది. దీనిలో మూడు స్థాయిలున్నాయి.

మామూలు డ్రిల్‌కు తగిలించే రైట్ యాంగిల్ తల. అయిదారు రంధ్రాలకు ఇది సరిపోతుంది. అంతకు మించితే గేర్లు వేడెక్కుతాయి, చెయ్యి కూడా బాగా నొప్పి పుడుతుంది.

చిన్న బ్యాటరీ రైట్ యాంగిల్ డ్రిల్. ఒకటి రెండు గదుల వైరింగ్‌కు, 20 మి.మీ. రంధ్రాలకు చాలు. బరువు తక్కువ కాబట్టి తలపైకి ఎత్తి పనిచేసేటప్పుడు ఇదే సుఖం.

పెద్ద రైట్ యాంగిల్ డ్రిల్. మిల్వాకీ వారి హోల్ హాగ్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇంటి మొత్తానికి వైరింగ్ చేసేవాళ్లకు ఇదే సరైనది. తక్కువ గేర్‌లో నిమిషానికి సుమారు 300 చుట్లే తిరుగుతుంది గానీ తిప్పే బలం చాలా ఎక్కువ. బిట్ ఇరుక్కుంటే మణికట్టు విరిచేంత బలం అది. మెకానికల్ క్లచ్ (బిట్ ఇరుక్కున్నప్పుడు తిప్పే బలాన్ని వదిలేసే భాగం) ఉన్న మోడల్ మాత్రమే తీసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లకు, ఒక్కసారి పని కోసం పెద్ద మిషన్ కొనడం కంటే అద్దెకు తెచ్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మిగిలే డబ్బు మంచి బిట్ మీద పెట్టండి. మొండి బిట్ వేస్తే ఎంత పెద్ద మిషనైనా మొరాయిస్తుంది.

పొడవాటి కర్ర చివర డ్రిల్ బిగించి, నేల మీద నిలబడే పైకప్పు జాయిస్ట్‌లను తొలిచే స్టాండ్లు కూడా దొరుకుతాయి. ఎత్తైన పైకప్పుల కింద రోజంతా ఇదే పని ఉన్నవాళ్లకు అవి నిచ్చెన ఎక్కి దిగే శ్రమ తప్పిస్తాయి.

బిట్ సంగతి

ఆగర్ బిట్ కొనలో చిన్న స్క్రూ ఉంటుంది. అది చెక్కలోకి తనంతట తనే లాక్కుపోతుంది, మనం నెట్టక్కర్లేదు. వరుస రంధ్రాలకు దీన్ని మించింది లేదు. పొడవు 165 నుంచి 190 మి.మీ. ఉన్నవి సందుకు సరిపోతాయి. పాత ఇళ్లలో మేకులు తగులుతాయి కాబట్టి మేకును కోయగల ఆగర్ అడిగి తీసుకోండి.

చదునైన స్పేడ్ బిట్ చవక. కానీ గట్టిగా నెట్టాలి, కాస్త వాలితే వణుకుతుంది, అవతలి వైపు పెచ్చులు లేపుతుంది. నాలుగైదు రంధ్రాలకు పర్లేదు. 30 మి.మీ. పైబడిన రంధ్రాలకు సెల్ఫ్-ఫీడ్ బిట్ (కొన స్క్రూతో తనే లోపలికి లాక్కుపోయే వెడల్పాటి బిట్) వాడండి. హోల్ సా (గిన్నెలా గుండ్రంగా ఉండే రంపం) ప్రతిసారీ లోపల చెక్క బిళ్ల ఇరుక్కుని విసిగిస్తుంది, ఈ పనికి దాన్ని నేను సూచించను.

ఒకటి రెండు కేబుళ్లకు 20 మి.మీ. చాలు. ఎక్కువ కేబుళ్లుంటే ఒకే పెద్ద రంధ్రంలో కుక్కే బదులు రెండు వరుసలు వేయండి. గుంపుగా ఉన్న కేబుళ్లు వేడెక్కుతాయి, ఆ వేడికి అవి మోయగలిగే కరెంటు తగ్గుతుంది.

4. మొదలెట్టే ముందు సరిచూసుకోవాల్సినవి

☐ ఆ భాగంలో మెయిన్ ఆపేశారు, టెస్టర్‌తో కరెంటు లేదని తేల్చుకున్నారు
☐ జాయిస్ట్‌ల మధ్యా అవతలి వైపూ నీటి పైపు, గ్యాస్ పైపు, పాత వైరు లేవని టార్చి వేసి చూశారు
☐ పాత ఇల్లైతే పైకప్పు పలకల్లో ఆస్బెస్టాస్, పెయింటులో సీసం ఉన్నాయేమో పరీక్ష చేయించారు
☐ నాలుగు వైపులా మూసి ఉండే గాగుల్స్, చెవులకు రక్షణ, మాస్కు ఉన్నాయి
☐ వదులు చొక్కా చేతులు, తాళ్లు, వదులు గ్లౌజులు తీసేశారు
☐ నిచ్చెన కంటే వెడల్పైన పని బల్ల లేదా స్కాఫోల్డ్ సిద్ధంగా ఉంది
☐ అదే మందం చెక్క ముక్కలో రెండు రంధ్రాలు వేసి చూశారు

గాగుల్స్ విషయంలో రాజీ వద్దు. తలపైకి తొలిచేటప్పుడు పొట్టు నేరుగా కళ్లలో పడుతుంది, మామూలు కళ్లద్దాలు ఆపలేవు.

5. గుర్తులు పెట్టడం

కేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందు ఖాయం చేసుకోండి. రెండో మెట్టులోని హద్దులకు లోబడి జాయిస్ట్‌లకు అడ్డంగా ఒక తిన్నని దారి ఎంచుకోండి.

మొదటి జాయిస్ట్ కింది అంచున ఒక గుర్తు, చివరి జాయిస్ట్ కింది అంచున ఒక గుర్తు పెట్టి, రెంటి మధ్యా సుద్దదారం బిగించి కొట్టండి. అన్ని జాయిస్ట్‌ల కింద ఒకే గీత పడుతుంది. లేజర్ లెవెల్ ఉంటే ఇంకా తేలిక.

మూలమట్టంతో ఆ గీతను ప్రతి జాయిస్ట్ పక్క ముఖం మీదికి నిలువుగా ఎక్కించండి. ఒక్క ముఖం మీద గీస్తే చాలు. అయితే అన్నిటికీ ఒకే వైపు ముఖం కావాలి, డ్రిల్ కూడా ప్రతి సందులోంచి అదే వైపుకు వేయాలి.

ఇప్పుడు ఎత్తు. ప్రతిసారీ టేపు పట్టడం కంటే ఒక గేజు ముక్క చేసుకోండి. జాయిస్ట్ ఎత్తు అంత పొడవున్న చెక్క పట్టీ తీసుకుని, అడుగున చిన్న పెదవిలా ఇంకో ముక్క కొట్టండి. ఆ పెదవి నుంచి సగం ఎత్తులో (235 మి.మీ. జాయిస్ట్‌కు సుమారు 117 మి.మీ.) ఒక మేకు దించి, కొన అవతలికి కొద్దిగా పొడుచుకు వచ్చేలా చేయండి. పెదవిని జాయిస్ట్ కింది అంచుకు ఆనించి, నిలువు గీత మీద మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చిన్న గుంట పడుతుంది. ఆగర్ స్క్రూ కొన అందులోనే కూర్చుంటుంది, జారదు. పది నిమిషాల్లో తయారయ్యే ఈ ముక్క మొత్తం పనిలో ఎక్కువ సమయాన్ని మిగులుస్తుంది.

గుర్తు పడిన చోట ముడి గానీ మేకు గానీ ఉంటే రంధ్రాన్ని ఎత్తులో కాకుండా పొడవు వెంబడి కొద్దిగా జరపండి. ఆ ఒక్క జాయిస్ట్ దగ్గర దారి కాస్త వంగినా నష్టం లేదు, మధ్యగీత మాత్రం వదలకండి.

6. రంధ్రం వేసే క్రమం

1) బిట్‌ను చక్‌లో (బిట్‌ను పట్టి ఉంచే డ్రిల్ నోరు) లోతుగా పెట్టి గట్టిగా బిగించండి. కేబుల్‌తో నడిచే మిషన్ అయితే బిగించేటప్పుడు ప్లగ్ పీకేయండి.

2) గేరు తక్కువ వేగంలో పెట్టండి.

3) స్క్రూ కొనను గుంటలో పెట్టి, బిట్ జాయిస్ట్‌కు లంబంగా ఉందో లేదో పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి.

4) మిషన్ ఒంటిని ఎక్కడ ఆనించాలో నిర్ణయించుకోండి. బిట్ ఇరుక్కుంటే, వెనక నుంచి చూసినప్పుడు మిషన్ గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఆ తిరిగే వైపున జాయిస్ట్ గానీ గట్టి చెక్క గానీ ఉండేలా మిషన్‌ను పెట్టండి. అప్పుడు ఆ విసురు చెక్క మీద పడుతుంది, మీ చేతి మీద పడదు. వేళ్లు మాత్రం మిషన్‌కూ చెక్కకూ మధ్య ఉండకూడదు. ఈ ఒక్క మెట్టు విషయంలో తొందర పడొద్దని మరీ మరీ చెబుతున్నాను.

5) పక్క పిడి తప్పక పట్టుకుని ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కండి. స్క్రూ లాక్కోవడం మొదలయ్యాక నెట్టకండి, నిలకడగా పట్టుకుంటే చాలు.

6) కొన అవతలికి వచ్చాక స్క్రూకు పట్టు పోతుంది. చివరి కాస్త చెక్క కోసం తేలిగ్గా నెట్టండి.

7) బిట్ తిరుగుతుండగానే వెనక్కి లాగితే పొట్టు బయటికి వచ్చేస్తుంది. ఇరుక్కుంటే ఆపి, రివర్స్‌లో నెమ్మదిగా తీయండి.

8) మొదటి మూడు రంధ్రాలయ్యాక ఆగండి. ఒక వైపు టార్చి పెట్టి ఇంకో వైపు నుంచి చూస్తే వెలుగు మూడింటి గుండా తిన్నగా రావాలి. రాకపోతే మిగతా వాటికి ముందే కోణం సరిచేసుకోవచ్చు.

9) మోటారు బాగా వేడెక్కితే లోడు లేకుండా అర నిమిషం తిప్పి చల్లబరచండి.

ఒకే పొడవాటి బిట్‌తో రెండు జాయిస్ట్‌లను ఒక్క ఊపులో తొలిచే అలవాటు కొందరికి ఉంది. రెండో జాయిస్ట్ దగ్గరికి వచ్చేసరికి కొన ఊగుతుంది, మధ్యగీత తప్పుతుంది. మిషన్ పట్టని మూలల్లో తప్ప ఆ దారి వద్దు.

7. కేబుల్ లాగడం

పొట్టు ఊడ్చి, రంధ్రాల అంచుల్లో పేళ్లు లేచి ఉంటే ఇసుక కాగితంతో రుద్దండి. ఒకరు ఒక చివర కేబుల్ చుట్ట విప్పుతూ అందించాలి, ఇంకొకరు అవతల లాగాలి. బిగుతుగా లాగి వదలకండి. బోర్డులో కనెక్షన్లు ఇచ్చే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ది.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి మార్గాలు

పొగ, కాలిన వాసన. బిట్ మొద్దుబారింది లేదా వేగం ఎక్కువైంది. గేరు తగ్గించండి. పదును పెట్టాలంటే సన్నని ఆకురాయితో కోసే పెదవిని, అంచు పంటిని లోపలి వైపు నుంచి మాత్రమే రాయండి. బయటి వైపు రాస్తే బిట్ వ్యాసం తగ్గి రంధ్రంలో బిగుసుకుంటుంది.

బిట్ తిరుగుతోంది, లోపలికి పోవడం లేదు. కొన స్క్రూ మరల్లో పొట్టు కూరుకుపోయింది. తీసి, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. తడి చెక్కలో, జిగురున్న చెక్కలో ఇది ఎక్కువ.

మేకు తగిలింది. శబ్దం మారగానే ట్రిగ్గర్ వదిలేయండి. మేకు కోసే బిట్ కాకపోతే ముందుకు పోవద్దు. సగంలో ఆగిన రంధ్రానికి ఆనుకుని ఇంకోటి వేయకుండా రెండో మెట్టులో చెప్పిన దూరం పాటించి కొత్తది వేయండి.

రంధ్రం అంచుకు దగ్గరగా పడింది. ఉక్కు ప్లేటు కొడితే తర్వాత ఎవరైనా మేకు దించినా కేబుల్‌కు తగలదు. అయితే ప్లేటు కాపాడేది కేబుల్‌నే, జాయిస్ట్ బలం దానితో తిరిగి రాదు. రంధ్రం నియమం కంటే అంచుకు దగ్గరైతే దాన్ని వదిలేసి సరైన చోట ఇంకోటి వేయడం సరిపోతుందా లేదా అన్నది తెలిసినవాళ్లకు చూపించాలి.

తప్పు రంధ్రంలో చెక్క బిరడా, లప్పం పెట్టి పూడ్చడం. చూడ్డానికి బాగుంటుంది, బలానికి పనికిరాదు. పైగా తర్వాత వచ్చేవాళ్లకు లోపం కనపడకుండా పోతుంది. ఖాళీగానే వదిలేయండి.

కింది అంచు తెగింది, లేదా జాయిస్ట్‌లో పొడవునా పగులు వచ్చింది. పని అక్కడితో ఆపేయండి. ఆ జాయిస్ట్ కింద తాత్కాలికంగా నిలువు ఆసరా పెట్టి, పైన బరువైన సామాను ఉంటే పక్కకు జరిపించండి. సాధారణంగా పక్కనే అదే కొలత కొత్త జాయిస్ట్‌ను బోల్టులతో జోడిస్తారు. అది ఎంత పొడవుండాలి, బోల్టులు ఎక్కడెక్కడ రావాలి అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. ఆయన వచ్చేదాకా మిగతా జాయిస్ట్‌లలో కూడా రంధ్రాలు వేయకండి.